స్పెమ్ ఇన్ ఆలియమ్: నలభై గొంతుల పాట ఏ రికార్డింగులో వినాలి?

వీణమెట్లు
అందరికీ నమస్కారం. పదేళ్ళు వీణ నేర్చుకున్నాను. మా ఇంట్లో మోగేదంతా కర్ణాటక సంగీతమే. నెల కిందట అనుకోకుండా పదహారో శతాబ్దపు ఇంగ్లాండు స్వరకర్త థామస్ టాలిస్ కట్టిన ‘స్పెమ్ ఇన్ ఆలియమ్’ విన్నాను. నలభై గొంతులు, ఒక్కో గొంతుకీ వేరే వరస, వాద్యం ఒక్కటీ లేదు. చెరువులో తల ముంచి గట్టు మీద జాతర వింటున్నట్టు అనిపించింది. ఏదీ చేతికి చిక్కలేదు, అలాగని ఆపనూ లేకపోయాను.

తర్వాత అదే పాట ఇంకో రెండు రికార్డింగుల్లో విన్నాను. ఒకదానిలో పిల్లల గొంతులు, పాట మొత్తం ఇంకో శ్రుతిలో ఉంది. రెండోదానిలో మనుషులు విడివిడిగా వినిపిస్తున్నారు. ఇది అదే పాటేనా అని పేరు మళ్ళీ చూసుకున్నాను. మన కీర్తన పాఠాంతరాలతో మారిందంటే అర్థం చేసుకుంటాను, నోటినుంచి నోటికి వచ్చింది కాబట్టి. కాగితం మీద స్వరాలు రాసి పెట్టిన పాట ఇంతలా ఎందుకు మారుతుంది? ఏది వినమంటారు?

పాతరికార్డు
అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. నేను నలభై ఏళ్ళుగా ఇవి పోగుచేస్తున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఈ పాట 1570 ప్రాంతంలో పుట్టింది. ఐదేసి గొంతుల బృందాలు ఎనిమిది. అలెస్సాండ్రో స్ట్రిజో అనే ఇటలీ సంగీతకారుడు 1567లో లండన్ వచ్చాడు. అతనికి నలభై గొంతుల రచనలున్నాయి. అవి విని ఒక ప్రభువు ‘మన ఇంగ్లాండులో ఇలాంటిది కట్టగలవాళ్ళు లేరా’ అని అడిగితే టాలిస్ ఇది కట్టాడని చెబుతారు. 1611 నాటి ఒక ఉత్తరంలో ఈ కథ ఉంది.

ఇక కాగితం సంగతి. ఆ కాలం కాగితంలో ఏమేం లేవో చూడు. ఎంత వేగంగా పాడాలో లేదు. ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో లేదు. ఒక గీతని ఒక్కరు పాడాలా, నలుగురు పాడాలా అన్నదీ లేదు. ఆధార శ్రుతి ఎంతో లేదు. కొన్నిచోట్ల స్వరాన్ని అర మెట్టు పెంచాలో దించాలో కూడా రాయరు, గాయకులకి తెలుసు కాబట్టి వాళ్ళే చూసుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ నిర్ణయం ప్రతి సంపాదకుడూ తనకి తోచినట్టు చేస్తాడు. అంటే నువ్వు విన్న మూడింటిలో స్వరాలు సైతం అక్షరాలా ఒకటే కాకపోవచ్చు.

నాకు తెలిసి దీని మొదటి రికార్డింగు 1948లో మైకేల్ టిప్పెట్ మోర్లీ కాలేజీ గాయకులతో చేసినది. 1965లో డేవిడ్ విల్‌కాక్స్ కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ బృందంతో చేశాడు. నువ్వు విన్న పిల్లల గొంతులు బహుశా అదే. 1970ల్లో డేవిడ్ వుల్‌స్టన్ తన ‘క్లర్క్స్ ఆఫ్ ఆక్సెన్‌ఫర్డ్’తో చేశాడు. ఆ కాలం చర్చి శ్రుతి ఇప్పటికంటే బాగా పైన ఉండేదని ఆయన వాదన. అందుకే పాటని పైకి ఎత్తి, స్త్రీలకి పిల్లల గొంతులాగా తేలిగ్గా, కంపం లేకుండా పాడటం నేర్పించాడు. అంత ఎత్తు ఉండేది కాదని ఈ కాలపు పరిశోధకులు చాలామంది అంటారు. కానీ ఆ గొంతు తీరు మాత్రం ఇంగ్లాండులో నిలబడిపోయింది. 1973లో పీటర్ ఫిలిప్స్ మొదలుపెట్టిన టాలిస్ స్కాలర్స్ ఆ దారిలోనే వచ్చారు. వాళ్ళు 1985లో చేసిన స్పెమ్‌తో మొదలుపెట్టు. తప్పిపోవు.

ధ్వనిగది
మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను హైదరాబాదులో ఒక రికార్డింగ్ థియేటర్లో పనిచేస్తాను, కాబట్టి మైకు వైపు నుంచి ఒక మాట.

సినిమా కోరస్ చేసేటప్పుడు మేం ఎనిమిది మందిని పిలిచి మూడుసార్లు పాడిస్తాం. ఒకదాని మీద ఒకటి వేస్తే పాతికమంది అవుతారు. చర్చి గంభీరం కావాలంటే రివర్బ్, అంటే గది మారుమోత, కంప్యూటర్లో కలుపుతాం. ఈ పాటల దగ్గర అది పనికిరాదు. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వినే గాయకుడు తర్వాతి స్వరం ఎప్పుడు వదలాలో తేల్చుకుంటాడు. గది కూడా పాడుతోందన్నమాట. అందుకే వాళ్ళు రాతి చర్చిలకి వెళ్తారు. టాలిస్ స్కాలర్స్ ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీ చాపెల్లో, నార్ఫక్‌లో సాల్ అనే పల్లెటూరి చర్చిలో చాలా చేశారు. ఊరికి దూరంగా ఉంటే బండ్ల చప్పుడు తక్కువ.

అసలు చిక్కు స్పెమ్ దగ్గరే. టాలిస్ నలభైమందినీ ఒక వరసలో నిలబెట్టి కట్టలేదు. మొదటి బృందం దగ్గర పాట అంటుకుని రెండు, మూడు, నాలుగు అంటూ ఎనిమిది దాకా పాకుతుంది. కాసేపటికి తిరుగు ప్రయాణం. వినేవాడు నడిమధ్యలో ఉంటే పాట చుట్టూ తిరుగుతుంది. మన చేతిలో ఉన్నవి రెండు స్పీకర్లు. ఎనిమిది బృందాల్ని ఎడమ నుంచి కుడికి పరిస్తే పాట ఊయలలా ఊగుతుందేగానీ చుట్టూ తిరగదు. మైకు దూరం పెడితే అంతా కలిసి ఒక మేఘంలా వస్తుంది, మాట తెలియదు. దగ్గర పెడితే మనిషి తెలుస్తాడు, మేఘం విడిపోతుంది. ‘వీణమెట్లు’ గారూ, మీరు విన్న రెండో తేడా ఇదే అయ్యుంటుంది.

ఎడిసన్‌వాసి
ధ్వనిగది గారి ‘చుట్టూ తిరగడం’ నేను చెవులారా విన్నాను.

కెనడా కళాకారిణి జానెట్ కార్డిఫ్ 2001లో ఈ పాటతో ఒక కళాఖండం చేశారు. సాల్జ్‌బరీ కెథీడ్రల్ బృందం పాడుతుంటే ఒక్కో గొంతునీ వేరే మైకుతో పట్టి, నలభై స్పీకర్లలో వినిపిస్తారు. స్టాండ్ల మీద మనిషి ఎత్తులో స్పీకర్లు, అండాకారంలో వలయం. 2013లో న్యూయార్కులో క్లాయిస్టర్స్ మ్యూజియానికి వచ్చింది. స్పెయిన్ నుంచి తెచ్చి కట్టిన ఒక పాత రాతి చాపెల్ ఉంది అక్కడ, అందులో పెట్టారు. ఎడిసన్ నుంచి రైల్లో, సబ్‌వేలో వెళ్ళాను.

మొత్తం పధ్నాలుగు నిమిషాలు, అందులో పాట పదకొండు. మిగతా మూడు నిమిషాలు గాయకులు పాటకి ముందు మాట్లాడుకునే మాటలు. అవీ రికార్డు చేశారు! దగ్గు, గొంతు సవరింపు, పిల్లల కబుర్లు. ఒక స్పీకరు ముందు ఆగితే ఒక్క మనిషి. ఊపిరి తీసుకోవడం తెలుస్తుంది, పదం చివర హల్లు నొక్కడం తెలుస్తుంది. రెండడుగులు పక్కకి వేస్తే ఆ మనిషి మాయమై వేరే మనిషి. మధ్యకి వచ్చి నిలబడ్డాక నలభైమందీ ఒక్కసారి అందుకున్నారు. పక్కనున్న పెద్దావిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను. అప్పటికే నా కళ్ళూ తడిగా ఉన్నాయి.

ఆ రోజు మూడు విడతలు విని బయటికి వచ్చాను. తర్వాత ఏ సీడీ విన్నా ముందు ఆ వలయం గుర్తొస్తుంది.

ఆల్టో_గుంటూరు
ఎడిసన్‌వాసి గారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

మాది కతోలిక కుటుంబం. కాలేజీ రోజుల్లో మా చర్చి క్వయర్లో ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు, పాడేదాన్ని. స్పెమ్ ఎప్పుడూ పాడలేదు, కానీ నాలుగు గొంతుల పాటలు చాలా పాడాం. ముందు మాటలు చెప్తాను, ఎవరూ చెప్పలేదు. ‘ఇశ్రాయేలు దేవా, నీ మీద తప్ప వేరొకరి మీద నేనెన్నడూ ఆశ పెట్టుకోలేదు’ అని మొదలవుతుంది. మా బైబిలులో ఉన్న యూదితు గ్రంథం నుంచి అల్లిన ప్రార్థన. చివర ‘మా దీనస్థితిని కటాక్షించు’ అంటుంది. నలభైమంది కలిసి తమ దీనత్వం చెప్పుకుంటున్నారు. ఈ సంగతి తెలిసి వింటే పాట బరువు వేరుగా ఉంటుంది.

ఆ కాలం వాళ్ళకి మన దగ్గరుండేలాంటి పూర్తి స్కోరు చేతిలో ఉండేది కాదు. చాలాచోట్ల ఎవరి గొంతు పుస్తకం వాళ్ళకే. ఆల్టో పుస్తకంలో ఆల్టో వరస మాత్రమే ఉంటుంది, గడుల గీతలు కూడా ఉండవు. పక్కవాళ్ళు ఏం పాడుతున్నారో చెవితోనే తెలుసుకోవాలి. నేను ఒకసారి సరదాగా మా పాట కాగితంలో మిగతా మూడు వరసలూ తెల్లకాగితం పెట్టి కప్పేసి పాడాను. మొదటి రెండు నిమిషాలు నరకం. తర్వాత మాత్రం టెనర్ (మగవాళ్ళ పై గొంతు) ఎప్పుడు ఊపిరి తీసుకుంటున్నాడో జీవితంలో మొదటిసారి విన్నాను!

కపెల్లా ప్రాటెన్సిస్ అని నెదర్లాండ్స్ బృందం ఒకటుంది. వాళ్ళు పాతకాలం పద్ధతిలో ఒక పెద్ద పుస్తకం స్టాండు మీద పెట్టి, అందరూ దాని చుట్టూ గుమిగూడి పాడతారు. ఆ రికార్డింగుల్లో ఆ దగ్గరితనం తెలుస్తుంది.

తిరునాళ్ళు
ఇప్పటిదాకా అందరూ ఇంగ్లీషు బృందాల గురించే రాశారు. నాకు ఒక అభ్యంతరం ఉంది. ఆ గొంతులన్నీ నునుపు. అద్దంలాగా, అంచు లేకుండా. ఐదొందల ఏళ్ళ కిందటి ఫ్లాండర్స్ గాయకుడు, రోమ్ గాయకుడు, స్పెయిన్ గాయకుడు అందరూ ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళలాగే పాడారంటే నేను నమ్మలేను.

ఫ్రాన్సులో మార్సెల్ పెరెస్ నడిపే ఆన్సాంబల్ ఆర్గానుమ్ వినండి. కోర్సికా ద్వీపంలో ఇప్పటికీ నోటిమాటగా వస్తున్న బహుస్వర గానం పాడేవాళ్ళతో కలిసి పనిచేశాడు. ఒకెఘెమ్ అనే పాతకాలపు స్వరకర్త కట్టిన రెక్వియమ్ (పోయినవాళ్ళ కోసం చేసే పూజలో పాడేది) ఆ బృందం పాడగా వినండి. గొంతు గరుగ్గా, ఛాతీ లోంచి వస్తుంది. స్వరం నిలబడదు, వణికి, జారి, చుట్టుకుని పక్క స్వరానికి వెళ్తుంది. బెల్జియంలో బ్యోర్న్ ష్మెల్జర్ గ్రెండెలవ్వా బృందం కూడా ఆ బాటే. గమకం తెలిసిన మన చెవికి ఇది ఇల్లులా అనిపిస్తుంది. వీణ వాయించేవారికి నేను దీన్నే ముందు చెప్తాను.

వీణమెట్లు
తిరునాళ్ళు గారూ, విన్నాను. ఒకెఘెమ్ రెక్వియమ్ మొదటి నిమిషంలోనే ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ జారుడు నిజంగా మనదే అనిపించింది.

కానీ ఒక సంగతి మీతో చెప్పుకోవాలి. వీణ మీద గమకం పలికేటప్పుడు వెనక కదలకుండా తంబుర ఉంటుంది. ఆ నిలకడ మీదే నా వేలు ఊగుతుంది. ఇక్కడ నలుగురూ ఊగుతుంటే ఏది దేని మీద నిలబడిందో నాకు చిక్కలేదు. రెండు గొంతులు ఒకచోట కలిసి, గీసుకుని, విడిపోయే ఆ క్షణం కోసమే నేను ఈ సంగీతం దగ్గరికి వచ్చాను. అది అక్కడ మసకబారింది. తప్పు నా చెవిదేమో, ఇంకా వింటాను.

పాతరికార్డు
తప్పు నీ చెవిది కాదమ్మా. నేను కంపం లేని గొంతుని ఇష్టపడేది కూడా అందుకే. తిరునాళ్ళు బాబూ, పదహారో శతాబ్దంలో అందరూ నునుపుగా పాడారని నేనూ అనను. నాకు చరిత్ర కంటే వినపడటం ముఖ్యం. సొప్రానో, అంటే అన్నిటికంటే పై గొంతు, పాడిన ముక్కని రెండు తాళపు అడుగుల తర్వాత టెనర్ అందుకుంటాడు, ఆ తర్వాత బాస్, అన్నిటికంటే కింది గొంతు. ఆ అందుకోవడం చెవికి తెలియకపోతే కట్టినవాడి శ్రమ వృథా.

దీనికి ఒక ఉదాహరణ జోస్కాన్ అనే పాతకాలపు స్వరకర్త కట్టిన ‘మిస్సా పాంజె లింగ్వా’. మిస్సా అంటే కతోలిక పూజలో పాడే ఐదు భాగాల సంగీతం. టాలిస్ స్కాలర్స్ రికార్డింగుకి 1987లో గ్రామఫోన్ పత్రిక ఆ ఏటి మేటి రికార్డు బహుమతి ఇచ్చింది. ఇంత పాత సంగీతానికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. పైగా దాన్ని విడుదల చేసిన జిమెల్ అనేది వాళ్ళు 1981లో సొంతంగా పెట్టుకున్న చిన్న కంపెనీ. పెద్ద కంపెనీలు ఈ సంగీతాన్ని కొంచెం చిన్నచూపు చూస్తున్న రోజులు. ఆ తర్వాత జోస్కాన్ మిస్సాలన్నీ ఒక్కోటీ చేసుకుంటూ 2020కి తొమ్మిది ఆల్బములతో పూర్తి చేశారు. మొదటిదాన్నుంచి చివరిదానికి ముప్పై ఏళ్ళు పైనే.

నీకు ఇంకో దగ్గరితనం చెప్తాను. ‘పాంజె లింగ్వా’ నడిచేది వాళ్ళు ఫ్రిజియన్ అని పిలిచే పద్ధతిలో. షడ్జం మీద వెంటనే శుద్ధ రిషభం. మెట్లు మన హనుమతోడివే. తోడి అనుకుని వినకు, రాగం కాదు, గమకం లేదు. కానీ ఆ మొదటి అర మెట్టు బిగువు నీకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే.

తిరునాళ్ళు
మాస్టారూ, వినపడటం ముఖ్యమన్న మాట ఒప్పుకుంటాను. అదే మిస్సాని ఆన్సాంబల్ క్లెమాన్ జాన్‌కాన్, పెరెస్ బృందం కలిసి కూడా చేశారు. మధ్యమధ్య ఆ రోజు పూజలో పాడే ఏకస్వర గానం కూడా పెట్టారు. అందులో జోస్కాన్ వచ్చినప్పుడల్లా కిటికీ తెరిచినట్టుంటుంది. ఐదు భాగాలూ గుత్తగా వరసపెట్టి పాడితే ఆ కిటికీ లేదు. ఆ కాలంలో వాటిని అలా వరసగా ఎవరూ వినలేదు కదా. వాటి మధ్య ప్రార్థన, వాక్యం, ధూపం ఉండేవి.

ఆల్టో_గుంటూరు
ఈ మాట బాగా చెప్పారు. పూజలో పాడినదానికీ కచేరీలో పాడినదానికీ నా గొంతులోనే తేడా ఉండేది.

అలాగే గది పరిమాణం. విలియమ్ బర్డ్ మూడు, నాలుగు, ఐదు గొంతులకి మూడు మిస్సాలు కట్టాడు, 1590ల మొదట్లో అచ్చయ్యాయి. అప్పుడు ఇంగ్లాండులో కతోలిక పూజ నేరం. అచ్చు పుస్తకానికి ముఖపత్రం లేదు, అచ్చువేసినవాడి పేరు లేదు. ఎసెక్స్‌లో పీటర్ కుటుంబం లాంటి కతోలికుల ఇళ్ళలో, తలుపులేసుకుని, ఉన్న నలుగురూ పాడుకున్న పాటలవి. ఎవరైనా వస్తున్నారేమోనని ఒక చెవి గుమ్మం వైపే ఉండేదేమో.

ఇప్పుడు వాటిని పెద్ద కెథీడ్రల్లో ఇరవైమందితో పాడతారు. చాలా అందంగా ఉంటుంది, కాదనను. కానీ నాలుగు గొంతుల మిస్సాలో చివర ‘మాకు శాంతిని దయచేయుము’ అనే చోట స్వరాలు ఒకదానికొకటి అడ్డం పడి నొప్పిగా గీసుకుంటూ వెళ్తాయి. గొంతుకి ఒక్కరే ఉంటేనే ఆ అడగడం మనిషి అడిగినట్టుంటుంది. హిల్లియర్డ్ ఆన్సాంబల్ రికార్డింగు అలాంటిది. పెద్దది కావాలంటే కార్డినల్స్ మ్యూజిక్ ఉన్నారు. ఆండ్రూ కార్‌వుడ్ బర్డ్ లాటిన్ సంగీతమంతా పదమూడు ఆల్బముల్లో పూర్తిచేశాడు, చివరిదానికి 2010లో మాస్టారు చెప్పిన ఆ గ్రామఫోన్ బహుమతే వచ్చింది.

ఎడిసన్‌వాసి
హిల్లియర్డ్ అంటే సాక్సోఫోన్‌తో చేసినవాళ్ళేనా?

పాతరికార్డు
వాళ్ళే. 1994లో వచ్చిన ‘ఆఫీషియమ్’. నార్వే సాక్సోఫోన్ విద్వాంసుడు యాన్ గార్బరెక్, వీళ్ళు నలుగురు. ఆస్ట్రియాలో సాంక్ట్ గెరోల్డ్ మఠంలో చేశారు. మొదట్లో వచ్చే, పాతకాలపు స్పెయిన్ స్వరకర్త మొరాలెస్ కట్టిన ‘పార్చె మిహి దోమినె’ వినండి. గొంతులు రాసినది రాసినట్టు పాడతాయి, సాక్సోఫోన్ పైన ఐదో గొంతులా అప్పటికప్పుడు కల్పించుకుంటూ తిరుగుతుంది. పది లక్షలకి పైగా అమ్ముడుపోయింది. నాకు తెలిసిన పెద్దలు కొందరు అపచారం అన్నారు. నేను అనను. ఎంతోమంది మొరాలెస్ పేరు మొదట విన్నది అక్కడే. హిల్లియర్డ్ బృందం నలభై ఏళ్ళు పాడి 2014లో ఆపేసింది.

ధ్వనిగది
ఎవరైనా విక్టోరియా రెక్వియమ్ గురించి రాయండి. నా హెడ్‌ఫోన్స్ పరీక్షించడానికి నేను వాడేది అదే.

పాతరికార్డు
తొమాస్ లూయీస్ దె విక్టోరియా, స్పెయిన్. మహారాణి మరియా 1603లో మాడ్రిడ్‌లో కన్నుమూశారు. ఆమె ఉన్న మఠంలోనే ఈయన పూజారి. ఆమె కోసం ఆరు గొంతులకి కట్టి 1605లో అచ్చువేశాడు. వెస్ట్‌మిన్‌స్టర్ కెథీడ్రల్ పిల్లలతో డేవిడ్ హిల్ చేసినది, టాలిస్ స్కాలర్స్‌ది, రెండూ 1980ల్లోనే వచ్చాయి. పక్కపక్కన పెట్టుకుని విను. ఆ చర్చి పిల్లల గొంతు కింగ్స్ పిల్లల గొంతులా మెత్తగా ఉండదు, సూటిగా, కొంచెం కరుకుగా వస్తుంది. చావు దగ్గర ఆ కరుకుతనం నాకు కావాలి. మా నాన్నగారు పోయిన ఏడాది నేను రోజూ రాత్రి విన్నది అదే. స్త్రీల గొంతుతో ఉన్నదాంట్లో వరసలన్నీ విడమరిచినట్టు తెలుస్తాయి, అయినా ఆ ఏడాది దాన్ని పెట్టలేకపోయాను.

తిరునాళ్ళు
మాస్టారూ, నేను ఇంతసేపు గరుకు గొంతు అంటూ చెప్పాలనుకున్నది మీరు ఒక్క ముక్కలో చెప్పారు.

ఆల్టో_గుంటూరు
వీణమెట్లు గారూ, మీకు ఒక పని చెప్తాను. స్పెమ్ మొత్తం వినొద్దు. ఏదో ఒక గొంతు పట్టుకోండి, పైది వద్దు, అది అందరికీ దొరుకుతుంది. ఇంటర్నెట్‌లో స్కోరు ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక బాస్ వరస మీద వేలు పెట్టుకుని పది నిమిషాలూ అతనితోనే ఉండండి. అతను ఎక్కువసేపు ఊరుకుంటాడు. ఊరుకున్నప్పుడు కూడా వేలు తీయొద్దు.

వీణమెట్లు
మూడు రాత్రులు చేశాను. ఐదో బృందం బాస్.

మొదటి రాత్రి అతను మొదలుపెట్టక ముందే తప్పిపోయాను. రెండో రాత్రి నలభైమందీ అందుకునే చోట దొరికాడు, మళ్ళీ జారిపోయాడు. నిన్న ఇంట్లో అందరూ పడుకున్నాక చాప మీద కూచుని స్కోరు ముందు పెట్టుకుని విన్నాను. ఊరుకున్న అడుగులు వేలితో లెక్కపెట్టాను, ఆది తాళం వేసుకున్నట్టే. ఈసారి అతను వచ్చినప్పుడు నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన పాడేది ఏమంత గొప్ప వరస కాదు. కొన్నిచోట్ల రెండు మూడు స్వరాలే. కానీ అవి లేకపోతే పైనున్న ఆ ఎత్తంతా దేనిమీద నిలబడుతుందో ఇప్పుడు తెలిసింది. నా తంబుర అక్కడుంది.

ఇంకోటి. ‘కటాక్షించు’ అనే మాటకి ముందు నలభైమందీ ఒక్కసారి ఆగిపోతారు కదా. నా దగ్గరున్న రెండు రికార్డింగుల్లో అదే చోటు పదిసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఒకదానిలో గోడల మీది శబ్దం పూర్తిగా అణిగాక మళ్ళీ అందుకున్నారు. రెండోదానిలో ఇంకా అణగక ముందే, ఆ తోక మీదే కొత్త స్వరం వచ్చి పడింది. ధ్వనిగది గారూ, ఎంతసేపు ఆగాలో ఎవరు తేలుస్తారు, నడిపించే మనిషా, గదా?

ధ్వనిగది
ఇద్దరూ అండీ. మొదటి టేక్‌లో మనిషి ఆగుతాడు. వెనక్కి వెళ్ళి విన్నాక, రెండో టేక్‌లో గది ఎంత అడిగితే అంత ఆగుతాడు. నేను చేసిన చిన్నపాటి చర్చి రికార్డింగుల్లో చూసింది అదే. ఆ రెండింటినీ ఈ రాత్రి నేను కూడా పెట్టి వింటాను. ఆ చోటు ఎన్నో నిమిషం దగ్గరుందో రాసి పెట్టండి.

వీణమెట్లు
రెండింటిలో వేగం వేరు కాబట్టి నిమిషాలు కలవడం లేదు. పూర్తయ్యేలోపు చివరి రెండు మూడు నిమిషాల్లో వస్తుంది. ఐదో బృందం బాస్‌ని పట్టుకుని రండి, తప్పకుండా దొరుకుతుంది.